పిల్లిని చంపిన పిల్లవాడూ పిల్లవాడే

పదేళ్ల ఫ్రాన్స్వా తోటి పిల్లలతో కలిసి ఓ పిల్లిని మెట్ల మధ్య సందులోంచి కిందికి పడేస్తాడు. ఆ తర్వాత ఎవరికీ తెలియకుండా దానికి సపర్యలు చేస్తాడు. అది బతకదు. ప్రభుత్వం తరఫున పెంచుతున్న దంపతులు ఇక మావల్ల కాదంటూ వాణ్ని ప్రభుత్వానికి తిరిగి అప్పగించేస్తారు. వెళ్లేముందు ఆ ఇల్లాలికి వాడు ఓ కానుక కొనిస్తాడు. ఫ్రెంచ్ దర్శకుడు మోరిస్ పియాలా తొలి ఫీచర్ సినిమా ‘లాంఫాన్స్ న్యూ’ (1968)లోని ఈ పిల్లవాణ్ని చూసి కోప్పడాలో, జాలిపడాలో మనకెవరూ చెప్పరు. కన్నతల్లి ఎందుకు దూరమైందో వివరించే ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటీ లేదు.

ఉత్తర ఫ్రాన్స్ బొగ్గుగనుల ప్రాంతంలో, ఎక్కువగా నటన వృత్తి కానివారితో తీసిన సినిమా ఇది. ఫ్రాన్స్వాను తర్వాత చేరదీసే తియెరీ దంపతులు నిజజీవితంలోనూ ఇలాంటి పిల్లల్ని పెంచినవారే. వాళ్లింట్లో ప్రేమ ఉంది, ఓపిక ఉంది. ఆ ఇంటి ముసలమ్మతో వాడికి మంచి స్నేహం కుదురుతుంది. అయినా వాడి అల్లరి ఆగదు. ఆమె పోయాక, వంతెన మీంచి కార్లపైకి ఇనుప ముక్కలు విసిరి ప్రమాదానికి కారణమవుతాడు. ప్రేమగా చూస్తే చాలు, పిల్లాడు దారికొస్తాడన్న ఊరటను పియాలా మనకివ్వలేదు. ఆ నిజాయతీనే మేం గొప్పగా భావిస్తున్నాం. బుద్ధిమంతులైన అనాథల మీద జాలి సులువుగానే పుడుతుంది. కొరికే, విరగ్గొట్టే, పారిపోయే పిల్లల సంగతేమిటి? అసలు అండ కావలసింది వాళ్లకే.

2015లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రారంభ చిత్రంగా ప్రదర్శించిన ఎమాన్యుయెల్ బెర్కో సినిమా ‘లా తెత్ ఓత్’లోనూ మలోనీ అనే కుర్రాడు కార్లు దొంగిలిస్తాడు, జనం మీద చేయి చేసుకుంటాడు. కాథరిన్ దెనెవ్ పోషించిన బాలల జడ్జి వాణ్ని మందలిస్తుంది, విసుగెత్తిపోతుంది, కానీ వదిలిపెట్టదు. నేరం చేసిన పిల్లలకు శిక్ష కంటే ముందు చదువూ సంస్కారమూ అన్న ఫ్రాన్స్ 1945 ఆర్డినెన్సు స్ఫూర్తి ఆ పాత్రలో కనిపిస్తుంది. 2021 సెప్టెంబరు 30 నుంచి ఆ ఆర్డినెన్సు స్థానంలో కొత్త చట్టసంహిత (కోడ్) అమల్లోకి వచ్చింది. నేరం చేసిన పిల్లలపై కఠినంగా ఉండాలన్న నినాదం ఫ్రాన్స్ రాజకీయాల్లో పదేపదే వినిపిస్తోంది. ఆ నినాదం ఇచ్చేవారు ముందు ఈ రెండు సినిమాలూ చూడాలి.

పియాలా సినిమా వచ్చి అర్ధశతాబ్దం దాటినా, ప్రభుత్వ సంరక్షణలోని పిల్లల్ని హోటల్ గదుల్లో ఉంచే పద్ధతి ఫ్రాన్స్‌లో సాగింది. 2022 ఫిబ్రవరి 7 నాటి చట్టం దాన్ని నిషేధిస్తూ రెండేళ్ల గడువిచ్చింది. పద్దెనిమిది నిండాక కూడా 21 ఏళ్ల వరకు ఆసరా ఇవ్వాలనీ చెప్పింది. దానికి తగినన్ని ఇళ్లు, సిబ్బంది, డబ్బు సమకూర్చడం ఆ ప్రభుత్వం బాధ్యత. అందులో మొదటి వాటా, ఒక ఇంటి నుంచి వెనక్కి వచ్చేసిన పిల్లలకే దక్కాలి.