మహారాజశ్రీ 109 గ్రాముల వారి సముఖమునకు

రెడింగ్ నుంచి మీ పాత భక్తుడు రాసుకునే మనవి. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క పర్సు తప్ప.

మీరెవరో బ్రిటన్‌లో బండి తోలేవాళ్లకి వేరే చెప్పాలా? లాగ్‌బుక్ అనే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, కార్బన్ డయాక్సైడ్ గడిలో, కిలోమీటరుకి ఇన్ని గ్రాములని కొలువు తీరిన అంకె మీరు. మిమ్మల్ని చూసే బండికి టాక్స్ వేస్తారు. 2013లో ఈ డీజిల్ బండి కొన్నప్పుడు ఇంజన్ కంటే ముందు మీ దర్శనమే చేయించారు. రంగుల పట్టీలో ఏ నుంచి ఎం దాకా మెట్లు, పైన పచ్చ, కింద ఎరుపు. తమరు రెండో మెట్టు మీద పచ్చగా ఉన్నారు. "టాక్స్ ఏడాదికి 20 పౌండ్లే" అన్నాడు అమ్మేవాడు. నేను ఇంకేమీ వినలేదు.

మా పక్కింటి పెద్దాయనది 2006 నాటి పెట్రోల్ బండి. నాకు పదింతలు మించి కట్టేవాడు. ఒకరోజు గోడ దగ్గర ఆయన్ని నిలబెట్టి భూతాపం మీద అరగంట క్లాసు పీకాను. పాపం, చేతిలో చెత్త సంచీతో అలాగే విన్నాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. మొన్న మా అత్తయ్య హైదరాబాద్ నుంచి వచ్చారు. తీసుకురావడానికి హీత్రూ వెళ్లాను. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ మొత్తం అల్ట్రా లో ఎమిషన్ జోన్ కిందికి, అంటే పొగ ఎక్కువ వదిలే బండ్లు అడుగుపెడితే డబ్బు కట్టాల్సిన ప్రాంతం కిందికి వచ్చింది, హీత్రూ కూడా అందులోనే. పాత డీజిల్ బండికి రోజుకి 12.50 పౌండ్లు. తెలుసు. ఏడుస్తూనే సిద్ధపడ్డాను. విమానం లేటు. ఆ తర్వాత ఇమిగ్రేషన్ లైను. ఆ తర్వాత సూట్‌కేసు. గుర్తు కోసం ఆవిడ పిడికి పాత చీర అంచు చింపి కట్టారు. బెల్టు మీద అన్ని పెట్టెలూ వచ్చి వెళ్లిపోయాక, ఆ ఎర్రంచు ఒక్కటీ తీరిగ్గా ఊరేగింపుగా వచ్చింది. మేం బయటపడేసరికి పన్నెండు దాటి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలే కొంప ముంచాయి. అక్కడ రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకానట. లోపలికి వెళ్లింది ఒక రోజు, బయటికి వచ్చింది ఇంకో రోజు. ఒక్క ప్రయాణమే కదా అని ఒక్క రోజుకే కట్టాను. నిన్న కవరొచ్చింది. జరిమానా 180 పౌండ్లు, పద్నాలుగు రోజుల్లో కడితే 90. కట్టేశాను. ముందు కట్టిన 12.50 కలిపితే 102.50. అంటే స్వామీ, మీరు ఖరారు చేసిన పన్ను లెక్కన ఐదేళ్ల కాలుష్యం నేను ఒక్క రాత్రిలో చేసేశాను. సూట్‌కేసు కోసం నిలబడి.

ఇంతకీ మీరు దేనికి పూచీ పడ్డారు? కార్బన్ డయాక్సైడ్‌కి, అంతే. 2001 మార్చి నుంచి ఆ ఒక్క గ్యాసును చూసి పన్ను కట్టమన్నారు, డీజిల్ అందులో కాస్త తక్కువ వదులుతుంది, జనం ఎగబడ్డాం. ఊపిరితిత్తుల్ని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్ల మాట మీరెత్తలేదు. పొగకి యూరప్ వాళ్లు పెట్టిన ప్రమాణాల్లో నా బండిది యూరో 5, ఆ ఆక్సైడ్లు కిలోమీటరుకి 180 మిల్లీగ్రాముల దాకా వదలొచ్చని అనుమతి. యూరో 6కి అది 80. జోన్ వాళ్లకి డీజిల్ అయితే యూరో 6 కావాలి, పెట్రోల్ అయితే యూరో 4 చాలు. అందుకే పక్కింటాయన 2006 బండి లండన్‌లో దర్జాగా తిరుగుతోంది. నా చేతిలో కవరు చూసి ఆయన ఒక్క మాట అనలేదు. టీ తాగుతావా అన్నాడు. అదే ఎక్కువ కాలింది.

అసలు నువ్వెక్కడ పుట్టావోయ్? రోడ్డు మీదేనా? గదిలో, రోలర్ల మీద! ఏసీ కట్టేసి, ఇరవై నిమిషాలు, పదకొండు కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి నీకు పేరు పెట్టారు. నా బండి నలుగురినెక్కించుకుని ఎం4 హైవే మీద వానలో వెళ్తున్నప్పుడు ఏ రోజైనా 109 దగ్గర ఆగిందా? డీజిల్ బిల్లులు నా దగ్గరున్నాయి, అబద్ధమాడకు. 2015లో అమెరికాలో డీజిల్ పొగ పరీక్షల్లో ఫోక్స్‌వ్యాగన్ చేసిన మోసం బాగోతం బయటపడ్డప్పుడైనా నీ మొహం చూసి అనుమానించాల్సింది. 20 పౌండ్ల మోజులో కళ్లు మూసుకున్నాను. నాకు భూతాపం మీద అంత ప్రేమ ఎప్పుడుందిలే.

నీ వంశంలో న్యాయం ఇంకా గొప్పది. 2025 ఏప్రిల్ నుంచి, అసలు పొగ గొట్టమే లేని కరెంటు బండికీ పన్ను పడింది, మా వీధిలో ఒకటి మొదటి ఏడాదే 195 పౌండ్లు కట్టింది. దాని పక్కనే నా డీజిల్‌కి 20. బండి అమ్మితే ఆ నెల పన్ను అమ్మినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ పడుతుంది, ఆ ముచ్చట నాకింకా మిగిలే ఉంది.

ఆ రాత్రి దారిలో అత్తయ్య వెనక అద్దంలోంచి చూసి, "బండి బాగుంది బాబూ, పొగే రావట్లేదు" అన్నారు. అవునండీ అన్నాను. ఏం చెప్పను?

ఆదివారం ఆవిడ్ని నీస్డెన్ గుడికి తీసుకెళ్లాలి. అదీ జోన్‌లోనే. ఈ బండి మొహం చూడకూడదని రైలు టికెట్లు చూశాను, నలుగురికి. చూసి, నోరు మూసుకుని 12.50 ముందే కట్టేశాను. నువ్వు లాగ్‌బుక్‌లోనే ఉండు. హారతి ఎన్నింటికైనా కానీ, రాత్రి పన్నెండు లోపు మాత్రం జోన్ దాటేయాలి.

ఇట్లు
20 పౌండ్లకి లొంగినవాడు