వెయ్యి అడుగుల ధర్మసంకటం

పప్పులో ఒకసారి ఉప్పు పడ్డాక మళ్ళీ వేయకూడదు. అమెరికాలో బడిలో తుపాకులొద్దనే బిల్లు ఏ రాష్ట్రంలో వచ్చినా గిట్టనివాళ్ళు చెప్పేది ఇదే: బడి చుట్టూ తుపాకులొద్దనే చట్టం కేంద్రం 1990లోనే వేసేసిందిగా, ఇంకా ఎందుకు? 2019 ఆగస్టులో అక్కడి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు అప్పటి గవర్నర్ క్రిస్ సునూను మూడు తుపాకీ బిల్లుల్ని ఒకే దెబ్బకి వీటో చేశారు. వాటిలో 564వ నంబరుది ఈ బడి బిల్లే. ఆయన్ని తప్పుపట్టేవాళ్ళకి వంట రాదని మా గట్టి నమ్మకం.

పైగా కేంద్రం వేసింది చిటికెడు కాదు. బడి హద్దు నుంచి 1000 అడుగులు, అంటే సుమారు 305 మీటర్లు. ఆ మేర తెలిసి తుపాకీతో అడుగుపెడితే అయిదేళ్ళ దాకా జైలు. ఇది కేంద్రం పరిధిలోది కాదని 1995లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, తుపాకీకి కేంద్రం పరిధిలో ఉన్న అంతర్రాష్ట్ర వాణిజ్యంతో చుట్టరికం కలిపి 1996లో మళ్ళీ నిలబెట్టారు.

చిన్న చిక్కేమిటంటే, ఉప్పు డబ్బా వాషింగ్టన్‌లో ఉంది. ఈ చట్టం అమలు ఫెడరల్, అంటే కేంద్ర, అధికారుల పని. ఆ పని రాష్ట్ర పోలీసుల చేత బలవంతంగా చేయించకూడదని 1997లో సుప్రీంకోర్టే తేల్చింది. కాబట్టి నడుముకి తుపాకీతో ఎవరో పెద్దమనిషి బడి వరండాలోకి వచ్చి ఊరికే నిలబడితే, ప్రిన్సిపాల్ ఫోన్ చేసి పిలిచిన ఊరి పోలీసు దగ్గర, తుపాకీ తెచ్చినందుకు పెట్టడానికి రాష్ట్ర సెక్షనంటూ లేదు. అదే తుపాకీ పిల్లాడు తెస్తే ఏడాది బహిష్కరణ. పెద్దరికానికి ఆమాత్రం మర్యాద ఉండొద్దూ?

అసలు రుచి ఇక్కడుంది. 2017లో ఇదే గవర్నర్, తుపాకీ దాచుకు తిరగడానికి లైసెన్సు అక్కర్లేదన్న బిల్లు మీద సంతకం పెట్టారు. కేంద్ర చట్టమేమో రాష్ట్రం విచారించి లైసెన్సు ఇచ్చినవాళ్ళకే మినహాయింపు ఇస్తుంది. ఆ స్వేచ్ఛని నమ్మి లైసెన్సు మానేసినవాడు జేబులో తుపాకీతో బడి ముందు రోడ్డు మీద నడిస్తే, రాష్ట్రానికి ఆదర్శ పౌరుడు, కేంద్రానికి నేరస్తుడు. పక్కింటి పెరట్లోకి దూకాడా, మళ్ళీ శుద్ధుడు. ప్రైవేటు స్థలానికి మినహాయింపు ఉంది మరి. (దూకినందుకు పక్కింటాయన ఏమంటాడన్నది వేరే సెక్షను.)

ఇంతకీ ఆ బడి బిల్లు వీటో దాటాలంటే రాష్ట్ర శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2019 సెప్టెంబరులో అవి కూడలేదు.

ఇక బడి దారిలో వెళ్ళక తప్పనివారికి మా సలహా. తూటాలు తీసేసి, తుపాకీని పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళం లేని జిప్ సంచి చాలదు. అంత ఓపిక లేకపోతే ఊరి పోలీసు చీఫ్ దగ్గర ఫారం నింపి, ఇక అక్కర్లేదని 2017లో తేల్చేసిన ఆ లైసెన్సే తెచ్చుకోండి. స్థానికులకి 10 డాలర్లు, 14 రోజుల్లో తేల్చాలి. 400 మంది ఉన్న ఆ రాష్ట్ర దిగువ సభలో ఒక్కో సభ్యుడి జీతం ఏడాదికి 100 డాలర్లు. దాంతో పదిమందికి ఇప్పించొచ్చు.