ఆయ్, వచ్చేత్తాదండి

కోపం మనిషికి ప్రకృతి ఇచ్చిన హక్కు అని, ఆ హక్కు గోదావరి డెల్టాలో ఏ చట్టమూ చేయకుండా, ఏ కాగితం మీదా సంతకం పడకుండా, కేవలం రెండక్షరాల సాయంతో రద్దయిపోయిందని విజ్ఞులైన పాఠకులకు విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ రెండక్షరాలు ‘అండి’. దీనికి నా దగ్గరున్న సాక్ష్యమల్లా సంక్రాంతికి నెలన్నర ముందు ఒక కుక్కరు రబ్బరు కోసం నేను వెచ్చించిన ఒక పూర్తి దినం. ఆ రోజు నాకు కోపం రావలసిన సందర్భాలు, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, తొమ్మిది వచ్చాయి. ఒక్కదానిలోనూ కోపం రాలేదు. రానివ్వలేదు అనడం సబబు.

ఆ ఉదయం ఏడు గంటల వేళ మా ఇంట్లో కుక్కరు ఈల వేయడం మానేసి మూత చుట్టూ బుసలు కొట్టడం మొదలుపెట్టింది. మా ఆవిడ దాన్ని దించి, మూతలోంచి రబ్బరు ఊడదీసి, తెచ్చి నేను చదువుతున్న పేపరు మీద తడితడిగా పెట్టి, “సాగిపోయిందండి” అంది. పప్పు ఉడకలేదని కేకలు వేసే స్వభావం ఆమెకు లేదు. “పర్లేదులెండి, మీరు మజ్జిగన్నం తినేస్తారుగా” అని మాత్రమే అంటుంది. ఆ మాట విన్నాక ఎంతటివాడైనా చెప్పులు తొడుక్కుని బజారుకు బయల్దేరవలసిందే.

బయల్దేరినవాణ్ణి ‘ఎక్కడికి’ అని అడగడం మా వైపు మహాపరాధం. అడిగితే వెళ్లిన పని కాదని నమ్మకం కాబట్టి మా ఎదురింటి పెద్దమనిషి ఈ శాసనాన్ని ఏనాడూ ఉల్లంఘించలేదు. ఆయన అరుగు మీద కూర్చుని “దూరమాండి?” అని మాత్రమే అడుగుతారు. కాదంటే, “అయితే బజారేనన్నమాట. కూరలకాండి?” అంటారు. ఇలా నిషిద్ధమైన ఒక్క ప్రశ్నను ఆరు నిర్దోషమైన ప్రశ్నలుగా విడగొట్టి, కుక్కరు రబ్బరు కోసమని నా నోటితోనే చెప్పించి, కుక్కర్లో ఉడికిన పప్పుకు రుచి ఉండదనీ, వాళ్ల నాయనమ్మగారు కుండలో ఎసరు పెట్టి వండిన పప్పు మర్నాటికి కూడా ఎలా ఉండేదనీ పావుగంట సేపు వివరించి, ఆఖరున “మీకు ఆలస్యం చేసేశానేమోనండి” అని ఆయనే నొచ్చుకున్నారు. నొచ్చుకున్న మనిషి మీద కోపం తెచ్చుకునే విద్య నాకు ఏ బడిలోనూ ఎవరూ నేర్పలేదు.

మా ఊరి స్టీలు సామాన్ల కొట్టులో జరిగినది ఇంకొంచెం వివరంగా చెప్పాలి. నేను పాత రబ్బరు తీసి చూపించగానే కొట్టాయన దాన్ని రెండు చేతులా అందుకుని, సాగదీసి, వదిలి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, చూపుడు వేలికి తగిలించి రెండు చుట్లు తిప్పి, “ఐదు లీటర్లదాండి?” అని అడిగాడు. అవునన్నాను. స్టూలు వేయించాడు. కుర్రాణ్ణి అటక ఎక్కించాడు. అటక మీద నుంచి కుర్రాడు రకరకాల రబ్బర్లు ఒక్కొక్కటే కిందికి విసురుతుండగా నాకు గ్లాసుడు మజ్జిగ వచ్చింది, అందులో కరివేపాకు కూడా ఉంది. ఇరవై నిమిషాలు గడిచాక, “నిన్నే అయిపోయాయండి, ఎల్లుండికల్లా వచ్చేత్తాయండి” అని సెలవిచ్చాడు. ఆ సంగతి నేను గుమ్మంలో ఉండగానే ఆయనకు తెలుసునని నా అనుమానం. కానీ వచ్చిన మనిషిని నిలబెట్టి ‘లేదు’ అనడం అమర్యాద కనుక, ముందు కూర్చోబెట్టి, మజ్జిగ పోసి, లేకపోవడానికి నా మనసును సిద్ధం చేశాడు. కడుపులో ఆయన మజ్జిగ ఉండగా ఆయన్ను ఏమనగలను? “నర్సాపురంలో తప్పకుండా దొరుకుద్దండి” అని సాగనంపాడు.

ఈ మర్యాదకు మూలమెక్కడ అని ఆలోచించగా నాకు తట్టినది ఇది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కల్లా పూర్తయింది. అంతకు ముందు కరువులూ వరదలూ వంతులవారీగా ఏలిన ఈ నేలకు ఆ తరవాత కాలువ నీరు వచ్చింది, వరి వచ్చింది, కొబ్బరి నీడన కుర్చీ వేసుకునేంత తీరిక వచ్చింది, ఆ తీరికలోంచి మర్యాద పుట్టుకొచ్చింది. అంటే నా ఫిర్యాదు న్యాయానికి కాటన్ దొర మీద పెట్టవలసినదే. ఆయన విగ్రహాలు మా ఊళ్లలో చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి చిరునామాకు కొరత లేదు, కాకపోతే దండలు వేసిన విగ్రహం ముందు నిలబడి ఎవరు మాత్రం గొంతు పెంచగలరు? ఇక అంతటి గోదావరికి ఐదేళ్లలో అడ్డుకట్ట ఎలా వేయగలిగాడన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. “అయిపోద్దండి, మీరలా కూర్చోండి” అని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు, చెప్పినా ఆయనకు అర్థమై ఉండదు.

షేర్ ఆటో సంగతి అందరికీ తెలిసినదే. అందులో సీట్ల సంఖ్య స్థిరం, మనుషుల సంఖ్య అస్థిరం. “ఇంకొక్కరండి, ఒక్కరొత్తే లాగించేద్దామండి” అంటూ ఆ డ్రైవరు ఐదుగురిని ఎక్కించాడు. ఐదోవాడి చంకలో తువ్వాలు చుట్టిన కోడిపుంజు ఉంది. అతను ఆటో కడ్డీ పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, “ఒక్క నిమిషం పట్టుకోండి సార్” అని పుంజును నా ఒళ్లో పెట్టాడు. ఆ ఒక్క నిమిషం సఖినేటిపల్లి రేవు దాకా సాగింది. నేను పట్టుకున్న తీరు నచ్చక, “పొట్ట కింద చెయ్యెయ్యండి సార్, లేపోతే ఈయన బెదిరిపోతారండి” అన్నాడు. ఈయన అన్నది పుంజును. రోజూ ఈయనకు బాదంపప్పు పెడతారట, పొద్దున్నే చెరువులో ఈత కొట్టిస్తారట, రంగు డేగ అట. సంక్రాంతి దగ్గర పడుతుండగా ఇంత పోషణ ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు, అది కూడా మర్యాదే. తువ్వాలు లోపల ఆ గుండె నా అరచేతికి టకటకా తగులుతూ ఉంది. దాని గుండ్రటి కన్ను మాత్రం రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది, ఏ తాలూకు మనిషో తేల్చుకుంటున్నట్టుగా. గతుకు వచ్చినప్పుడల్లా నా చొక్కా గుండీని పొడిచింది. మూడో గతుకు దగ్గర నా పంచెకు జరగవలసిన అపచారం జరిగిపోయింది. దాని యజమాని చూసి, నొచ్చుకుని, “శుభమండి” అన్నాడు.

రేవులో పంటు లేదు. మనమున్న గట్టున పంటు ఉండకపోవడం వశిష్ఠ నది పుట్టినప్పటి నుంచీ అమల్లో ఉన్న నియమం. రెండు పడవలు కలిపి, మీద బల్లలు పరిచి, మోటారు సైకిళ్లతో, గడ్డి మోపులతో, పెళ్లివారితో సహా నదిని దాటించే ఆ వాహనం అవతల నర్సాపురం గట్టున అరచేయంత కనిపిస్తోంది. ఇవతల టికెట్లిచ్చే కుర్రాడు, అడిగిన ప్రతివారితోనూ, “ఆయ్, వచ్చేత్తాదండి” అంటున్నాడు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లే మార్గం ఉండనే ఉంది. కానీ వచ్చేస్తుందని చెప్పాక కూడా వెళ్లిపోతే ఆ కుర్రాడి మాటను అవమానించినట్టు అవుతుంది. కూర్చున్నాను.

అక్కడ పక్కన కూర్చున్నాయన “మీరు ఎవరి తాలూకండి?” అని మొదలుపెట్టాడు. ఊరు చెప్పాను, ఇంటిపేరు చెప్పాను, మా ఆవిడ పుట్టిల్లు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, ఎక్కడెక్కడి మేనరికాలో కూడి తీసివేసి, నేను ఆయనకు అన్నయ్య వరస అవుతానని తేల్చాడు. తేలిన మరుక్షణం ఆయన మొహం చిన్నబోయింది. “మా అమ్మాయి పెళ్లికి మీరు రాలేదండి అన్నయ్యగారూ” అన్నాడు. ఆ పెళ్లి జరిగి పన్నెండేళ్లయింది. శుభలేఖ అందలేదన్నాను. “అందదండి, అప్పటికి మీరు తెలీదు కదండి” అన్నాడు, ఎంతో న్యాయంగా. అయినా రానందుకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. పిలవని పెళ్లికి, తెలియని చుట్టానికి, పన్నెండేళ్ల తరవాత. ఆయన పెద్దమనసుతో క్షమించి నాకొక వేరుశనక్కాయల పొట్లం కొనిచ్చాడు.

పంటు కోసం కాచుకున్నవాడికి రైలు గుర్తుకు రావడం సహజం. కాకినాడ నుంచి కోటిపల్లికి ఒకప్పుడు రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దాని పట్టాలు పెరికి పట్టుకుపోయారు. ఆ పట్టాలు మళ్లీ పడి బండి నడిచేసరికి 2004 వచ్చింది. ఇక కోటిపల్లి నుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటి నర్సాపురం చేరవలసిన లైను 2000-01లో మంజూరైంది. ఆ ఏడు పుట్టిన పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లో చేరిపోయారు, అది మాత్రం ఇంకా కోనసీమ దాటి రాలేదు. నేను రేవులో ఉన్న పెద్దవాళ్లను అడిగి చూశాను. ఒక్కరు కూడా విసుక్కోలేదు. “పనులవుతున్నాయండి, వచ్చేత్తాదండి” అన్నారు, టికెట్ల కుర్రాడి గొంతుతోనే. మరోచోట అయితే ఇన్నేళ్ల ఆలస్యానికి జనం పట్టాల మీద కూర్చునేవారేమో, మాకు కూర్చోవడానికి ముందు పట్టాలు రావాలి, వచ్చాక మర్యాద అడ్డొస్తుంది.

అందుచేత ప్రభుత్వం వారికి నాదొక ప్రతిపాదన. మండలానికొక అమర్యాద కేంద్రం స్థాపించాలి. ఉదయం పది నుంచి ఐదు వరకు అక్కడ ఒక ఉద్యోగి కూర్చుని, వచ్చిన పౌరుణ్ణి ఏకవచనంలో పలకరించి, “లేదు పో” అని ఒక్క మాటలో తేల్చి చెప్పాలి. పౌరుడు ఎదురు తిరిగి బల్ల మీద గుద్ది, లోపల పేరుకున్నదంతా కక్కుకుని, తేలికపడి ఇంటికి పోవాలి. బల్ల గట్టిగా ఉండాలి, టేకుదైతే మంచిది. స్థానికులను మాత్రం ఆ ఉద్యోగంలో వేయరాదు. వేస్తే మొదటి రోజు మధ్యాహ్నానికే కుర్చీ తుడిచి, మజ్జిగ తెప్పించి, “తిట్టమంటారాండి?” అని అనుమతి అడుగుతారు. ఈ ప్రతిపాదన రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాను కూడా. అక్కడి గుమాస్తా ఆసాంతం చదివి, నవ్వకుండా, “చాలా బావుందండి, పైకి పంపిత్తామండి” అన్నాడు. పైన ఏముందో నాకు తెలియదు.

పంటు నలభై నిమిషాలకు వచ్చింది. నర్సాపురంలో నేను వెతికిన కొట్టు మధ్యాహ్నం భోజనాలకు మూసి ఉంది. నాలుగింటి దాకా మూసిన తలుపు ముందే నిలబడ్డాను. పక్కనున్న లేసు కొట్టావిడ, నా పంచె మీది శుభాన్ని చూసి కూడా చూడనట్టే, కుర్చీ వేయించి, విదేశాలకు పోయే టేబులు గుడ్డలు ఒక్కొక్కటే విప్పి చూపించింది, కొనను అని చెప్పినా సరే. నాలుగున్నరకు కొట్టు తీశారు. రబ్బరు ఉంది. కొలిచి చూడండి అన్నాను. “సరిపోద్దండి” అన్నాడు కొట్టాయన. ఆ ‘సరిపోద్దండి’ మీద నాకు అనుమానం వచ్చిన మాట నిజం. కానీ అంత నిబ్బరంగా చెప్పిన మనిషి ఎదుట సంచీలోంచి పాత రబ్బరు తీసి పక్కన పెట్టి కొలవడమంటే ఆయన్ను దొంగ అన్నట్టు కాదూ? డబ్బులిచ్చి వచ్చేశాను.

తిరుగు రేవుకు చేరేసరికి చీకటి పడుతోంది. నియమం ప్రకారం పంటు అవతల గట్టున ఉంది. దీపం కింద కూర్చుని, ఎవరూ చూడకుండా, రెండు రబ్బర్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకున్నాను. కొత్తది చిటికెన వేలంత పెద్దది. ఇప్పుడు వెనక్కి వెళ్లి మార్చమంటే ఆయన మారుస్తాడు, టీ కూడా ఇస్తాడు, ఈలోగా ఆఖరి పంటు పోతుంది. తొమ్మిదో సందర్భం ఇదే. దీనికైనా కోపం వస్తుందేమోనని కాసేపు ఏకాగ్రతతో ప్రయత్నించాను. పొద్దుటి మజ్జిగ, వేరుశనక్కాయలు, లేసు కొట్టావిడ కుర్చీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చి అడ్డుపడ్డాయి.

అప్పుడు ఎవరో పొరుగూరి మనిషి, చేతిలో మందుల సంచీతో, ఆయాసపడుతూ వచ్చి, “అవతలికి ఇంకో పంటు ఉందాండి, ఆఖరుది వెళ్లిపోయిందాండి?” అని అడిగాడు. ఆ సంగతి నాకు బొత్తిగా తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆయన మొహం చూసి, బల్ల మీద కొంచెం పక్కకు జరిగి, చోటిచ్చి, “ఆయ్, వచ్చేత్తాదండి” అన్నాను.