ధావన్ గారి పేరుతో తిరుగుతున్న నాలుగు తప్పుడు సూత్రాలు

వారం రోజులుగా ఒక మెసేజ్ ఆఫీసు గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. 1979లో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడిపోతే ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ గారు విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నారని, మరుసటి ఏడాది విజయం సాధించాక ఆ ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలాం గారిని విలేకరుల ముందుకు పంపారని అందులో ఉంది. అంతవరకు నిజమే. కానీ దాని కింద నాలుగు సూత్రాలు తగిలించారు: నాయకుడికి ఎవరూ ఎదురు చెప్పకూడదు, ప్రతి పనీ నాయకుడే చూసుకోవాలి, టీములో ఒకేలా ఆలోచించేవాళ్లే ఉండాలి, ఓడిపోతే నాయకుడు బాధ్యత తీసుకుంటే చాలు కాబట్టి కారణాలు తవ్వుకోవడం అనవసరం. నాలుగూ తప్పే. ధావన్ గారు కట్టిన సంస్థకు ఇవి పూర్తిగా వ్యతిరేకం.

ఎదురు చెప్పకూడదు అనేదానికి ఆ మెసేజ్‌లోని కథే జవాబు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ నడుస్తుండగా కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. పక్కనున్న నిపుణులు ఫరవాలేదన్నారు, తాను కంప్యూటర్‌ని పక్కనపెట్టి ముందుకే వెళ్లానని కలాం గారే తర్వాత ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో నియంత్రణ తప్పి, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఆ దశ నియంత్రణ వ్యవస్థలో ముందే లీకు ఉంది. తన నిర్ణయాన్ని దాచుకోకుండా చెప్పడం కలాం గారి గొప్పతనం. ఎదురు వచ్చిన హెచ్చరికను పక్కనపెడితే ఏమవుతుందో ఆ మాటే చెబుతోంది, మనం వినాలి కదా.

నలభై ఏళ్ల తర్వాత అదే శ్రీహరికోట. 2019 జులై 15, తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2 బయల్దేరాలి. రాష్ట్రపతి కోవింద్ గారు వచ్చి కూర్చున్నారు, దేశమంతా టీవీల ముందు ఉంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా సాంకేతిక లోపం కనిపించింది. గడియారం ఆపేశారు. లోపం సరిచేసి 22న పంపారు. అంతమంది పెద్దల ముందు 'ఆగండి' అనగలిగే ధైర్యం ఒక్క రాత్రిలో రాదు. ప్రయోగానికి ముందు సమీక్షల్లో ఒక్కో విభాగం వాళ్లూ తమ పని సిద్ధమో కాదో చెప్పాల్సిందే అన్న పద్ధతి ఏళ్ల తరబడి పాటిస్తేనే వస్తుంది.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో, రిలీజ్‌కి రెండు రోజుల ముందు టెస్టింగ్‌లో ఉన్న ఒకమ్మాయి "బిల్లు రెండుసార్లు పడుతోంది సార్" అంది. "ఇప్పుడా చెప్పేది?" అని మేనేజర్ అందరి ముందూ కసురుకున్నారు. ఆ అమ్మాయి లాప్‌టాప్ మూసేసి కూర్చుంది. శనివారం రాత్రి కస్టమర్లకి రెండేసి బిల్లులు వెళ్లాయి. ఆ తర్వాత మీటింగుల్లో ఆ అమ్మాయి నోరు విప్పడం నేను చూడలేదు.

ఇక ప్రతి పనీ నాయకుడే చూసుకోవడం. ధావన్ గారు 1972లో ఇస్రో బాధ్యత తీసుకున్నా, 1981 వరకు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) డైరెక్టర్‌గానూ కొనసాగారు. అన్నీ తానే చూసుకునే మనిషికి అది సాధ్యమా? తిరువనంతపురం కేంద్రాన్ని బ్రహ్మ్ ప్రకాశ్ గారికి, ఉపగ్రహాలను యు.ఆర్. రావు గారికి, ఎస్‌ఎల్‌వీ-3ని కలాం గారికి వదిలిపెట్టారు.

ఒకేలా ఆలోచించేవాళ్ల సంగతీ ఇందులోనే తేలిపోతుంది. ధావన్ గారిది వాయుగతిశాస్త్రం, బ్రహ్మ్ ప్రకాశ్ గారిది లోహశాస్త్రం, రావు గారు కాస్మిక్ కిరణాల పరిశోధన నుంచి వచ్చారు. ఇప్పటికీ రాకెట్ పని తిరువనంతపురంలో, ఉపగ్రహం బెంగళూరులో, కెమెరాలు అహ్మదాబాద్‌లో, ఇంజిన్ల పరీక్షలు తమిళనాడు మహేంద్రగిరిలో, ఉపగ్రహ చిత్రాల పని మన హైదరాబాద్ బాలానగర్‌లో. ఇంధనం కలిపేవాళ్లకి కనిపించే ప్రమాదం కోడ్ రాసేవాళ్లకి కనిపించదు.

నాలుగోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తవ్వుకోకుండా ఇస్రో ఎప్పుడు గెలిచింది? 1993 సెప్టెంబరులో మొదటి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ విఫలమైతే సాఫ్ట్‌వేర్ లోపం దాకా వెతికి పట్టుకున్నారు, 1994 అక్టోబరులో గెలిచారు. 2019లో చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడిపై కూలింది; ఏం తప్పిందో 2023లో అప్పటి చైర్మన్ సోమనాథ్ గారు బహిరంగంగానే వివరించారు: ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ నెట్టాయి, దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరమే. చంద్రయాన్-3కి ఆ చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు, మధ్య ఇంజిన్ తీసేశారు, కాళ్లు గట్టిచేశారు, ఇంధనం పెంచారు. 2023 ఆగస్టు 23న దిగింది.

1979లో ధావన్ గారు విలేకరుల ముందు కూర్చున్నది విషయం కప్పిపుచ్చడానికి కాదు. బయటి ఒత్తిడి తన దగ్గరే ఆగిపోతే, లోపల టీము భయం లేకుండా తప్పు వెతుక్కోగలదు. పదకొండు నెలలు ఆ పనే చేశారు. 1980 జులై 18న అదే శ్రీహరికోట నుంచి 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది.