శంకుస్థాపన అయ్యాక ఖర్చెవరిది?

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్ సుమారు 80 కోట్ల రూపాయలతో కొత్త బ్లాక్ కట్టించి ఇచ్చింది. ఒక్కసారిగా 300 పడకలు పెరిగాయి. 1955 నుంచి పేద రోగులకు దిక్కుగా నిలిచిన ఈ సర్కారు దవాఖానకు అన్ని పడకలు బడ్జెట్ కేటాయింపులతోనే రావాలంటే ఎన్నేళ్లు పట్టేదో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. తిరుపతిలో టీటీడీ స్థలమిస్తే, టాటా ట్రస్టులు పూనుకుంటే అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆస్పత్రి వచ్చింది. విశాఖతో పాటు మరో రెండు చోట్ల టాటా మెమోరియల్ క్యాన్సర్ కేంద్రాల విస్తరణకు ఐసీఐసీఐ బ్యాంకు 1,200 కోట్లు ప్రకటించింది. ఈ డబ్బు ప్రాణాలు నిలుపుతుంది. ఇచ్చిన ప్రతి చేతికీ కృతజ్ఞతలు.

మా కోపమంతా దాత ముందుకు రాగానే వెనక్కి జరిగే ప్రభుత్వాల మీదే.

భవనం ఒక్కసారి కడితే చాలు. వైద్యం రోజూ చేయాలి. రేడియేషన్ ఇచ్చే మిషన్, అంటే లీనియర్ యాక్సిలరేటర్ విరాళంగా వస్తుంది సరే, దాన్ని నడపడానికి రేడియేషన్ ఆంకాలజిస్టు (రేడియేషన్‌తో క్యాన్సర్ వైద్యం చేసే డాక్టరు), రేడియేషన్ మోతాదు లెక్కించే మెడికల్ ఫిజిసిస్టు, టెక్నాలజిస్టులు కావాలి. వాళ్ల జీతాలెవరివ్వాలి? ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు డబ్బెవరు కట్టాలి? కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చుకు వర్తించే సీఎస్ఆర్ నిబంధనల ప్రకారం కొనసాగే ప్రాజెక్టును సైతం, మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లలో ముగించాలి. అందుకే కంపెనీలు గోడలకు, మిషన్లకు మొగ్గుచూపుతాయి. అందులో తప్పేమీ లేదు. మిగతా భారం మోయాల్సింది ప్రభుత్వం.

ఖజానాలో డబ్బు లేనప్పుడు దాతలను పిలవడం తప్పా అని పాలకులు అడుగుతారు. తప్పు కాదు, పిలవండి. కానీ 2025లో బకాయిలు రాలేదంటూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ వంటి సర్కారు పథకాల కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులు పేదల ఉచిత వైద్య సేవలు ఆపే దాకా ఎందుకు తెచ్చుకున్నారు? దాతను వేదికెక్కించి శాలువా కప్పే ప్రభుత్వమే ఆస్పత్రి బిల్లులను నెలల తరబడి తొక్కిపెడితే ఆ శాలువాకు విలువేముంది? విడతలుగా ఇవ్వాల్సిన కీమో చికిత్స బకాయిల కోసం ఆగదు. రేడియేషన్ చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు పడుతుంది. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కుటుంబం అన్నాళ్లూ కూలి పోగొట్టుకుని, నగరంలో తల దాచుకునే చోటు వెతుక్కుంటూ, మధ్యలో సేవలు ఆగితే ఎవరిని అడగాలి? బిల్లులు ఆపింది దాత కాదు కదా.

భారం మోయడమంటే ఏమిటో ముంబై చూపించింది. టాటా మెమోరియల్ ఆస్పత్రిని 1941లో దొరాబ్జీ టాటా ట్రస్టు నెలకొల్పింది. 1957లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని తీసుకుంది, 1962లో అణుశక్తి విభాగానికి అప్పగించింది. దాత మొదలుపెట్టిన పనిని ప్రభుత్వం దశాబ్దాలుగా తన పద్దులో నడిపిస్తోంది. దేశం నలుమూలల నుంచీ రోగులు అక్కడికే వెళ్తున్నారంటే కారణం అది. అస్సాంలోనూ టాటా ట్రస్టులతో కలిసి రాష్ట్ర ప్రభుత్వమే భాగస్వామిగా నిలబడి 17 క్యాన్సర్ కేంద్రాలు తలపెట్టింది. 2022 ఏప్రిల్‌లో ఒకేరోజు ఏడు ప్రారంభమయ్యాయి. మన పాలకులు కాపీ కొట్టాల్సింది ఆ భాగస్వామ్యాన్ని. ప్రారంభోత్సవ ఫొటోలను కాదు.

దాతలతో చేసుకునే ప్రతి ఒప్పందాన్నీ జనం ముందు పెట్టండి. ఎన్ని పడకలు పేదలకు, ఎన్నేళ్లు, సిబ్బంది జీతాలు ఎవరివి, మిషన్ పాతబడితే కొత్తది ఎవరు కొంటారు? ఇవన్నీ సంతకానికి ముందే రాసి ఉండాలి. ఇవి లేని ఒప్పందం రేపు ప్రతి ప్రభుత్వానికీ తప్పుకునే దారి చూపిస్తుంది. 'దాత ఉన్నాడుగా' అన్న మాట ఒక్కసారి చెల్లుబాటైతే క్యాన్సర్‌తో ఆగదు, డయాలసిస్‌కూ వస్తుంది, గుండె ఆపరేషన్లకూ వస్తుంది.

కొత్త శంకుస్థాపనకు ముహూర్తం వెతికే మంత్రులు ముందు బకాయి బిల్లుల మీద సంతకాలు పెట్టాలి. ఖాళీ పోస్టులు నింపాలి. అంతవరకూ రిబ్బన్, కత్తెర పక్కన పెట్టండి.