సీజర్ ఎదుగుదల సరే, పతనం సంగతి? ‘రోమ్’ సిరీస్ చూపించిందీ, దాటేసిందీ

ప్రాచీన రోమ్ నగర కూడలి ఫోరమ్‌లో ఒక అరుగు మీద లావుపాటి ఆసామి నిలబడి, చేతులు గాల్లో రకరకాలుగా తిప్పుతూ ఆ రోజు వార్తలు చెబుతుంటాడు. యుద్ధంలో ఎవరు గెలిచారు, ఎవరు ఊరొదిలి పారిపోయారు, ఏ పండగ ఎప్పుడొచ్చింది, అన్నీ ఒకే స్వరంలో. అదే స్వరంలో, ఊపిరి కూడా తీసుకోకుండా, పిండి ఆడించేవాళ్ల సంఘం వారి రొట్టె ఎంత నాణ్యమైనదో కూడా చెప్పేస్తాడు. ‘రోమ్’ సిరీస్‌లో ఈయన కనిపించేది కొన్ని నిమిషాలే. అయినా అసలు రాజకీయం ఎలా నడుస్తుందో సీజర్ కంటే ఈయనే బాగా చెబుతాడు. ఎవరు అధికారంలో ఉంటే వాళ్లవే ఆ రోజు వార్తలు. రొట్టెల ప్రకటన మాత్రం మారదు.

హెచ్‌బీఓలో 2005 ఆగస్టులో మొదలై 2007 మార్చిలో ముగిసిన ఈ సిరీస్‌కు రెండు సీజన్లు, 22 ఎపిసోడ్లు. బీబీసీ, ఇటలీకి చెందిన రాయ్ కూడా డబ్బు పెట్టాయి. రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో ఐదెకరాల సెట్ వేశారు. మొదటి సీజన్‌కే దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయిందని చెబుతారు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెర మీద కనిపిస్తుంది. తెల్లటి పాలరాతి స్తంభాలు, ఇస్త్రీ చేసినట్టుండే టోగాల రోమ్ కాదిది. గోడలకు ముదురు రంగులు, వాటి మీద బూతు రాతలు, సందుల్లో బురద, ప్రతి ఇంట్లో మూల మూలకీ బానిసలు. ఇరవై ఏళ్ల తర్వాత చూసినా సెట్ పాతబడలేదు.

ఈ సిరీస్ గురించి నాదొక ఫిర్యాదు ఉంది. సీజర్ ఎలా పైకొచ్చాడో ఇది చాలా తెలివిగా చెప్పింది. ఎలా పడిపోయాడో చెప్పాల్సి వచ్చేసరికి అత్తాకోడళ్ల సీరియల్ దారి పట్టింది.

ముందు మెచ్చుకోవాల్సింది చూద్దాం. సీజర్ కథను సీజర్ వైపు నుంచి కాకుండా ఇద్దరు సైనికుల వైపు నుంచి చెప్పడం ఈ సిరీస్ చేసిన గొప్ప పని. లూసియస్ వోరెనస్, టైటస్ పుల్లో గాలిలోంచి పుట్టినవాళ్లు కారు. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధం గురించి సీజర్ స్వయంగా రాసిన పుస్తకంలో, ఐదో భాగంలో వాళ్ల పేర్లున్నాయి. క్రీ.పూ. 54 చలికాలంలో శత్రువులు రోమన్ శిబిరాన్ని చుట్టుముట్టినప్పుడు, ప్రమోషన్ కోసం ఏటా పోట్లాడుకునే ఈ ఇద్దరు సెంచూరియన్లు (దళనాయకులు) నువ్వా నేనా అని గోడ దాటి బయటికి దూకారు. మొదట పుల్లో చిక్కుకుంటే వోరెనస్ కాపాడాడు. తర్వాత వోరెనస్ కింద పడితే పుల్లో వచ్చి లేపాడు. సీజర్ రాసింది అంతే, ఒక్క చిన్న పేరా. సిరీస్ రచయితలు పుల్లోను మామూలు సైనికుడిగా దించి, ఆ పేరా మీద 22 ఎపిసోడ్లు కట్టారు.

దీనివల్ల ఒరిగిందేమిటంటే, సీజర్ బలం ఎక్కడిదో మనకు లెక్కలతో సహా అర్థమవుతుంది. గాల్‌లో ఏళ్ల తరబడి పోరాడి ఇంటికొచ్చిన వోరెనస్ దగ్గర ఆస్తి అంటూ ఉన్నది యుద్ధంలో తన వాటాగా వచ్చిన బానిసలే. వాళ్లను అమ్మి వ్యాపారం పెట్టాలనుకుంటాడు. రోగమొచ్చి వాళ్లంతా పోతారు, ఒక్క పిల్లాడు తప్ప. ఆ దృశ్యంలో ఎవరూ ఏడవరు. వోరెనస్ మొహంలో కనిపించేది దుఃఖం కాదు, నష్టం. పూట గడవక ఒక రౌడీ దగ్గర కాపలా పనికి ఒప్పుకుంటాడు. అదీ చేయలేక, సీజర్ చట్టాన్ని తొక్కేశాడని నమ్ముతూనే, సీజర్ కుడిభుజం మార్క్ ఆంటోనీ ఇచ్చే డబ్బు తీసుకుని తిరిగి సైన్యంలో చేరతాడు. గణతంత్రం అంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ గణతంత్రాన్ని కూల్చేవాడి జీతగాడయ్యాడు. సిద్ధాంతం మారలేదు, చేతిలో కాసులు లేవు. రోమ్ సైన్యాలు రాజ్యానికి కాకుండా సేనాధిపతికి ఎందుకు కట్టుబడ్డాయో చరిత్రకారులు పుస్తకాలు రాశారు. ఈ సిరీస్ ఒక్క కాపురంతో చెప్పేసింది.

అసలు సీజర్ కథ కూడా అప్పులతో మొదలైందే. క్రీ.పూ. 63లో ప్రధాన పూజారి పదవికి పోటీ చేసిన రోజు, గుమ్మం దగ్గర తల్లితో ‘ఇవాళ నీ కొడుకు ప్రధాన పూజారిగానైనా వస్తాడు, దేశం వదిలైనా పోతాడు’ అన్నాడని ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు. ఎన్నికల కోసం అంత అప్పు చేశాడు. రెండేళ్లకు స్పెయిన్‌కు గవర్నర్‌గా వెళ్లబోతుంటే అప్పులవాళ్లు కదలనివ్వలేదు. కుబేరుడు క్రాసస్ 830 టాలెంట్లకు పూచీ ఉంటే తప్ప బయల్దేరలేకపోయాడు. ఆ తర్వాత గాల్ దోపిడీ ఆ బాకీలన్నీ తీర్చింది. సైనికుల జీతం రెట్టింపు చేసింది. రోమ్‌లో ట్రిబ్యూన్లను, అంటే జనం తరఫున ఎన్నికయ్యే, ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయకూడని అధికారులను, కొనిపెట్టింది. ఆ యుద్ధంలో పది లక్షల మంది చచ్చారని, మరో పది లక్షల మంది బానిసలయ్యారని ప్రాచీనులు చెప్పిన లెక్క. అంకె కచ్చితమైనది కాకపోవచ్చు గానీ, వోరెనస్ ఇంటి ముందు చచ్చిపడిన బానిసలు ఆ లెక్కలోవాళ్లే.

ఇక, సైన్యంతో దాటితే తిరుగుబాటే అయ్యే సరిహద్దు నది రూబికాన్‌ను సీజర్ ఎందుకు దాటాడు? గవర్నర్ పదవిలో ఉన్నంతకాలం అతని మీద కేసు పెట్టడానికి లేదు. పదవి దిగి మామూలు మనిషిగా రోమ్‌లో అడుగుపెట్టిన మరుక్షణం కోర్టుకీడుస్తానని సెనేట్‌లో అతని బద్ధ శత్రువు కేటో బాహాటంగానే చెప్పాడు. కాబట్టి గవర్నర్‌గా ఉండగానే రోమ్‌లో అత్యున్నత పదవైన కాన్సుల్ ఎన్నిక గెలవాలి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. ఈ లెక్క మన పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. క్రీ.పూ. 50 డిసెంబర్‌లో సీజర్, అతని ప్రత్యర్థి సేనాధిపతి పాంపే ఇద్దరూ సైన్యాలు వదులుకోవాలన్న తీర్మానాన్ని సెనేట్‌లో 370 మంది సమర్థించారు. వద్దన్నది 22 మంది. అయినా కాన్సుల్ మార్సెల్లస్ సభను ముగించి, పాంపే దగ్గరికి వెళ్లి అతని చేతికి కత్తి ఇచ్చాడు. ఆరు వారాలు తిరక్కుండానే సీజర్ ఒకే ఒక్క లీజియన్‌తో (సైనిక దళంతో) నది దాటాడు.

సిరీస్‌లో ఈ ఓటింగ్ లెక్కలు లేవు, అయినా వాటి సారం ఉంది. రెండో ఎపిసోడ్‌కు పెట్టిన పేరే ‘టైటస్ పుల్లో గణతంత్రాన్ని కూల్చిన విధం’. ఎప్పుడో జూదం దగ్గర పుట్టిన గొడవ కాస్తా ట్రిబ్యూన్‌గా ఉన్న ఆంటోనీ సెనేట్‌కు వెళ్తుండగా వీధిపోరాటమవుతుంది. ట్రిబ్యూన్ మీద చెయ్యేశారన్న సాకు సీజర్‌కు దొరుకుతుంది. కల్పనే. కానీ సాకు కోసం కాచుక్కూచున్నవాడికి ఏదైనా సరిపోతుందన్న మాట నిజం. అసలు చరిత్రలో ఆంటోనీ బానిస వేషంలో, అద్దె బండిలో పారిపోయి వస్తే, అదే వేషంలో అతన్ని సైనికులకు చూపించి సీజర్ రెచ్చగొట్టాడు. ఆ పని చేయడానికి పుల్లోలాంటివాడు అవసరం లేకపోయింది.

సీజర్ పాంపేను ఓడించిన ఫార్సాలస్ యుద్ధాన్ని సిరీస్ నాలుగు మసక షాట్లలో తేల్చేసిందని చాలామంది విసుక్కున్నారు. బడ్జెట్ అయిపోయి ఉంటుంది. నాకైతే అది లోటనిపించలేదు.

లోటు ఆ తర్వాత మొదలైంది. సీజర్ గెలిచాక ఏం జరిగింది? సిరీస్ ప్రకారం సెర్విలియాకు సీజర్‌తో ప్రేమ. గోడల మీద వాళ్లిద్దరి గురించి బూతు బొమ్మలు వెలుస్తాయి, సీజర్ భార్య వాటిని చూస్తుంది, పరువు పోతుందని సీజర్ ఆమెను వదిలేస్తాడు. ఆ బొమ్మల వెనకున్నది సీజర్ మేనకోడలు ఆతియా. అక్కణ్నుంచి రెండు ఇళ్ల ఆడవాళ్ల పగ. సెర్విలియా తన కొడుకు బ్రూటస్‌ను నూరిపోసి నూరిపోసి కత్తి పట్టిస్తుంది. హత్య రోజు సీజర్ పక్కన ఉండాల్సిన వోరెనస్‌ను తప్పించడానికి కూడా ఒక కుటుంబ రహస్యాన్నే వాడుకుంటారు. సెర్విలియాగా లిండ్సే డంకన్, ఆతియాగా పాలీ వాకర్ నటన అద్భుతం, ఒప్పుకోవాల్సిందే. సెనేట్‌లో కూర్చునే హక్కు లేని ఆడవాళ్లు ఇళ్లలోంచి రాజకీయం నడిపారన్నదీ నిజమే. అయితే ఈ కథలో రోమ్ చరిత్రను మలుపు తిప్పిన హత్యకు కారణం తెగిపోయిన ప్రేమ వ్యవహారంగా మిగిలిపోయింది. సీజర్ సెర్విలియాకు 60 లక్షల సెస్టర్స్ విలువ చేసే ముత్యం కొనిచ్చాడని స్యూటోనియస్ రాశాడు. ఆమె పగబట్టి అతన్ని చంపించిందని మాత్రం ఏ ప్రాచీనుడూ రాయలేదు. టాసిటస్ అయితే ఆతియాను బిడ్డను పద్ధతిగా పెంచిన తల్లుల్లో ఒకరిగా లెక్కేశాడు. పాలీ వాకర్ ఆతియాను చూసినవాళ్లు ఆ మాట వింటే నవ్వుతారు.

సిరీస్ వదిలేసిన ఒక రోజు ఉంది. క్రీ.పూ. 45 డిసెంబర్ 31. ఉదయం చిన్న పదవుల ఎన్నిక కోసం జనాన్ని పిలిచారు. అంతలో కాన్సుల్ ఫేబియస్ మాక్సిమస్ చనిపోయాడని కబురొచ్చింది. సీజర్ అప్పటికప్పుడు ఆ ఎన్నికను కాన్సుల్ ఎన్నికగా మార్చి, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో తన మనిషి కనినియస్ రెబిలస్‌ను కాన్సుల్‌గా ప్రకటించాడు. ఆ పదవి గడువు తెల్లారితే అయిపోతుంది. రోమన్లు జీవితాంతం కలలుగనే పదవి, సంవత్సరాలకు పేరు పెట్టే పదవి, సగం రోజుకు బహుమానంగా పోయింది. పేరున్న వక్త, సెనేటర్ సిసిరో ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఈ కాన్సుల్ హయాంలో ఎవరూ పొద్దుటి ఫలహారం చెయ్యలేదు, ఒక్క నేరం కూడా జరగలేదు, ఆయన ఎంత అప్రమత్తంగా ఉన్నాడంటే పదవీకాలమంతా కన్నుమూయలేదు అని ఎగతాళి చేశాడు. ఆ వెంటనే, నువ్వు ఇక్కడ లేవు కాబట్టి నవ్వొస్తుంది, ఉండుంటే కన్నీళ్లు ఆగేవి కావు అన్నాడు.

డేవిడ్ బాంబర్‌లాంటి సిసిరో ఉండి కూడా ఈ రోజును తెరకెక్కించకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. ఖర్చు లేదు, యుద్ధం లేదు. ఒక మైదానం, క్యూలో నిలబడ్డ జనం, మధ్యాహ్నపు ఎండ చాలు. సీజర్ ఎందుకు చచ్చిపోయాడో ఆ ఒక్క సీన్‌లో తేలిపోయేది. పై పదవులు ఎవరికివ్వాలో అతనే తేల్చేవాడు, కొన్నేళ్లకు ముందే రాసిపెట్టేశాడు. సెనేట్‌ను 900 మందికి పెంచి తనవాళ్లతో నింపాడు. సెనేటర్లు సన్మాన తీర్మానాలు పట్టుకుని వస్తే కుర్చీలోంచి లేవలేదు. క్రీ.పూ. 44 ఫిబ్రవరి నాటికి జీవితాంతం డిక్టేటర్. అదే ఏడాది రోమ్ టంకశాలలో కొట్టిన నాణేల మీద అతని మొహం పడింది. బతికున్న మనిషి బొమ్మ అక్కడి నాణెం మీదికెక్కడం అదే మొదలు. తర్వాత అది ఎంత మామూలైపోయిందంటే, మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల మీద అగస్టస్, టైబీరియస్ మొహాలు ఉంటాయి. సీజర్ తెచ్చిన అలవాటు సముద్రాలు దాటి ఇక్కడిదాకా వచ్చింది.

ఇంకో విషయం. కుట్రలో 60 మందికి పైగా ఉన్నారు. వాళ్లలో పాంపే పక్షం నుంచి వచ్చి సీజర్ క్షమాభిక్షతో బతికిన బ్రూటస్, కేసియస్ గురించి అందరికీ తెలుసు. కానీ మొదటినుంచీ సీజర్ మనుషులే అయిన ట్రెబోనియస్, డెసిమస్ బ్రూటస్ కూడా అందులో ఉన్నారు. ట్రెబోనియస్ గాల్‌లో అతని కింద పనిచేశాడు, మర్సేల్ ముట్టడి నడిపాడు, క్రీ.పూ. 45లో సీజర్ దయతోనే కాన్సుల్ అయ్యాడు. డెసిమస్ పేరు సీజర్ వీలునామాలో రెండో వరస వారసుల్లో ఉంది. హత్య రోజు పొద్దున, భార్య మాట విని ఇంట్లో ఆగిపోబోయిన సీజర్‌ను నచ్చజెప్పి సెనేట్‌కు నడిపించుకెళ్లింది అతనే. వీళ్లకు సెర్విలియా పగతో పనేముంది? ఒకడి దయతో పదవి రావడమంటే ఆ పదవికి విలువ లేదని వీళ్లకు అందరికంటే బాగా తెలిసింది, అంతే. క్షమాభిక్ష సంగతీ అలాంటిదే. క్షమించాలంటే ముందు శిక్షించే హక్కు తనకుందని ఒప్పించాలి. కేటో ఆఫ్రికాలోని ఉటికాలో ప్రాణం తీసుకుంది ఆ హక్కును ఒప్పుకోలేకే. ఆ చావును సిరీస్ మర్యాదగానే చూపించింది, దాని వెనకున్న వాదనను మాత్రం పట్టించుకోలేదు.

రెండో సీజన్ రాస్తుండగానే సిరీస్ ఆపేస్తున్నారని కబురందింది. మూడో, నాలుగో సీజన్లకు అనుకున్న కథను కూడా రెండోదాంట్లోనే కుక్కారు. అందుకే బ్రూటస్ పతనం నుంచి క్లియోపాత్రా చావుదాకా ఎక్స్‌ప్రెస్ రైల్లా దూసుకుపోతుంది. దానికి రచయితలను తప్పుపట్టలేం.

పైగా, సీజర్ చచ్చాక మాత్రం ఒక్క చోట ఈ సిరీస్ దారిలో పడింది. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ఆంటోనీ హంతకుల ఇంటికే వస్తాడు. జేమ్స్ ప్యూర్‌ఫాయ్ ఆంటోనీ అరవడు, ఏడవడు, బేరం పెడతాడు. సీజర్ నిరంకుశుడని ప్రకటిస్తే అతని ఉత్తర్వులన్నీ చెల్లవు. ఉత్తర్వులు చెల్లకపోతే బ్రూటస్ పదవి, కేసియస్ పదవి కూడా చెల్లవు, మళ్లీ ఎన్నికలకు పోవాలి. సిద్ధమేనా అంటాడు. క్రీ.పూ. 44 మార్చి 17న టెల్లస్ గుడిలో సెనేట్ సమావేశమైనప్పుడు నిజంగా నడిచిన వాదన కూడా దాదాపు ఇదే. హంతకులకు క్షమాభిక్ష పెట్టారు, సీజర్ ఉత్తర్వులన్నీ చెల్లుతాయని అదే సభలో తీర్మానించారు. ఆ ప్రకారమే బ్రూటస్ ప్రేటర్‌గా (న్యాయాధికారిగా) కొనసాగాడు, డెసిమస్ సీజర్ రాసిపెట్టిన గవర్నర్ పదవికి ఉత్తర ఇటలీ బయల్దేరాడు.