హాలు మీద ఎండ, జనరేటర్లో డీజిల్

ఈసారి ఉగాదికి మన సంఘం హాల్లో పంచాంగ శ్రవణం మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ మోతకి కందాయ ఫలాలు ఎవరికీ వినబడలేదు. దానికి నేను బాధపడలేదు. తర్వాత సర్వసభ్య సమావేశంలో ఒకావిడ లేచి, హాలు మీద సోలార్ పెట్టిద్దామంటే "మనది సాంస్కృతిక సంఘం అమ్మా, కరెంటు సంగతి గవర్నమెంటు చూసుకుంటుంది" అని కూర్చోబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నన్ను గుచ్చాయి.

మా అమ్మ పుట్టిల్లు పావగడ వైపు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా అయినా మా వాళ్ళ ఇళ్ళలో తెలుగే. వానల్లేక శెనక్కాయ చేతికి రాక, బోరు మీద బోరు వేయించి మా మామ అప్పులపాలయ్యాడు. అక్కడ తిరుమణి అనే ఊరి చుట్టూ 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెడుతూ, భూమి అమ్మొద్దు, కౌలుకివ్వండి, ఎకరాకి ఏడాదికి 21 వేలన్నారు. మామ ఇచ్చాడు, అప్పు తీరింది. కానీ ఆయన చేలో కలుపు తీసిన ఆడవాళ్ళకి కౌలు లేదు, ఉన్న కూలీ పోయింది. మన మేడ మీద పెట్టే సోలార్ పలకలకి ఎవరి చేనూ అక్కర్లేదు. నా పట్టుదలంతా అందుకే.

జనరేటర్లో పోసే డీజిల్ ముడి చమురు నుంచి వచ్చేదే. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్ళకి పైగా బయట కొన్నదే. డాలర్లు అయిపోయిన శ్రీలంకలో 2022లో జనం పెట్రోలు కోసం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు. పలకల్లో ఎండని కరెంటుగా మార్చే సెల్స్, వాటిని చేసే పల్చటి సిలికాన్ బిళ్ళలు (వేఫర్లు) చాలావరకు చైనావే కదా అంటారు. నిజమే, అవి ఇక్కడే తయారు కావాలి. అయినా పలక ఒకసారి కొంటే పాతికేళ్ళు పనిచేస్తుంది, డీజిల్ పోసిన రోజే కాలిపోతుంది. ఇంకో మాట: బ్యాటరీ లేకపోతే, కరెంటు పోయినప్పుడు మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. కాబట్టి బ్యాటరీతో కలిపే అంచనా వేయించాలి.

వేదిక మీద పూల మండపం తగ్గించమని నేననను, అది మన ముచ్చట. ఈ ఏడాది విరాళం రాసేటప్పుడు మాత్రం హాలు పైకప్పు మీద సోలార్ పేరున కొంత రాయండి. సొంత ఇల్లున్నవాళ్ళకి పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది. దరఖాస్తు ఎలా పెట్టాలో తెలియకపోతే, ఆదివారం పొద్దున సంఘం ఆఫీసులో ఉంటాను, కరెంటు బిల్లు పట్టుకుని రండి.